పిడి మాత్రమే పట్టుకోండి

ముసలాయన అడక్కుండా కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. బొటనవేలిని నున్నటి ఉక్కు మీద గట్టిగా అదిమాడు.

వర్నా ఒంటికాలి మీద లేచింది.

"ఏమండోయ్! మర్యాద తెలీదా మీకు? అడక్కుండా ముట్టుకోవడమేంటి? పట్టుకుంటే పిడి పట్టుకోవాలి. చెమట వేలు ఆనిస్తే పొద్దుటికల్లా తుప్పు మరక పడుతుంది!"

పక్క బల్ల దగ్గర రూఫస్ ఉలిక్కిపడి, తాగుతున్న తీపి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

లిటిల్ రాక్ ఊళ్లో కత్తుల ప్రదర్శన. ఏ బల్ల చూసినా డజన్ల కొద్దీ కత్తులు. వర్నా బల్ల మీద ఒక్కటే. పక్కన 'అమ్మకానికి కాదు' అన్న చీటీ.

ఇందాకే హ్యూస్టన్ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కత్తులు పోగేయడంలో తలపండినవాడు. అనుమతి అడిగి, చేతులు తుడుచుకుని, పిడి పట్టుకుని, ఊపిరి కూడా ఉక్కుకు తగలనీయకుండా చూశాడు. చూస్తూ చూస్తూ నెత్తి మీద టోపీ తీసేశాడు.

"ఇది చేసిన చెయ్యెవరిదో గానీ, కళ్లారా చూస్తే చాలమ్మా, జన్మ ధన్యం," అన్నాడు.

ఎవరిదో ఎవరికీ తెలియదు. కత్తి మీద పేరు లేదు. పిడి దగ్గర, ఉక్కులోకి దింపిన బొటనవేలి ముద్ర. దానికి అడ్డంగా ఏటవాలుగా ఒక గాటు. అదే సంతకం.

వర్నా నాన్న దాన్ని కుర్రతనంలో దారి పక్కన ఎవరి దగ్గరో కొన్నాడు. పోయేముందు ఒకే ఒక్కటి అడిగాడు: "వాణ్ణి కనుక్కోవే. ఆ చెయ్యి పట్టుకుని నా మాటగా థాంక్స్ చెప్పు."

అందుకే ఏటా ఇక్కడ బల్ల వేస్తోంది.

"తప్పయిందమ్మా. అలవాటు," అన్నాడు ముసలాయన. కత్తిని తిప్పి, పిడి ఆమె వైపుంచి అందించాడు. "ఒక్క మాట. దీన్ని వాడారా, ఊరికే దాచుకున్నారా?"

పుండు మీద కారం చల్లినట్టయింది వర్నాకి.

"దాచుకోవడమా! వరదలో ట్రక్కు మునిగితే, మా నాన్న సీటు బెల్టు దీంతోనే కోసుకుని బయటపడ్డాడు. ఒక్క వేటుకే తెగిందట. ఆ తర్వాతే పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాతే నేను పుట్టాను. చాలా, ఇంకా చెప్పాలా?"

ముసలాయన తలెత్తి ఆమె ముఖం పరీక్షగా చూశాడు.

"చాలమ్మా," అన్నాడు. "ఇక చాలు."

చెయ్యి చాచాడు. వర్నా అందుకోలేదు.

"ఆ చెయ్యి చేసింది చాలు. వెళ్లండిక."

ఆయన తలూపి, జనంలోంచి నెమ్మదిగా బయటికి నడిచాడు. పాత ట్రక్కు ఎక్కి పెద్దరోడ్డు వైపు తిరిగిపోవడం గాజు తలుపులోంచి కనిపించింది.

"పాపం, పెద్దాయన్ని మరీ అలా కడిగేశావేంటి?" అన్నాడు రూఫస్. "నీ నోటి ముందు కూడా ఒక చీటీ పెట్టు వర్నా, 'పదునుంది, జాగ్రత్త' అని."

"మర్యాద తెలియనివాళ్లకి అంతే," అంటూ ఆమె నూనె గుడ్డ తీసింది.

ఒక్క రాపుకే ఆయన వేలి మరక సగం పోయింది. మిగిలిన సగం కోసం కత్తిని దీపం కిందికి వంచింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఉక్కులోని ముద్ర పక్కనే చెమటతో పడిన ముద్రలో మిగిలిన సగం, దానికీ అడ్డంగా అదే ఏటవాలు గాటు.