సగం పేరు

వర్గల్ గుట్ట మీద పొగమంచు ఇంకా విడలేదు. సరస్వతమ్మ గుడిగంట చప్పుడు దూదిలో చుట్టినట్టు మెత్తగా దిగివస్తోంది.

కాశీనాథం పలకల దుకాణం తెరిచేసరికి మెట్టు మీద ఎవరో ముసలాయన. తన వెంట వచ్చిన మనవరాలు రిషిత వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

ఆరేళ్లొచ్చినా ఆ పిల్ల అక్షరం దిద్దదు. బలపమిస్తే విసిరికొడుతుంది. ఇట్లయితే పై తరగతికి పంపేది లేదని బడివాళ్లు తేల్చేశారు.

ముసలాయన వేలాడుతున్న అక్షరాల పటం వైపు వేలు చూపించాడు.

"గిదేంది బిడ్డా?"

"గది గూడ తెల్వదా తాతా? 'బ'!"

"ఎట్ల దిద్దుతరు? జర చూపియ్యరాదు."

రిషిత బలపం అందుకుంది.

కాశీనాథం కళ్లప్పగించి చూశాడు. 'ఏం నాటకం! పాతకాలం పంతులే అయ్యుంటడు.'

ముసలాయన రోజూ వచ్చాడు. అక్షరాభ్యాసమై, పసుపు బట్టల్లో ఏడ్చుకుంటూ దిగే పసివాళ్లు కూడా అతని చుట్టూ వాలేవారు. "గీ తాతకు ఏం రాదు!" అని నవ్వేవారు. తలా ఒక అక్షరం నేర్పి మంచులో కలిసిపోయేవారు.

నెల గడిచింది. కాశీనాథం అతని పేరైనా అడగలేదు. 'సారూ' అన్న పిలుపే సరిపోయింది.

"సారూ, పైస లేకుండ ఊకెనే ఎన్ని రోజులు? రోజుకు రెండొందలిస్త. పిల్లలకు మంచిగ చెప్పుండ్రి."

"నాకెందుకు సేటూ పైసలు? నాకొచ్చేది నాకొస్తనే ఉన్నది."

"అట్లంటె ఎట్ల? ఉంచుండ్రి." నోటు జేబులో కుక్కాడు.

మర్నాడు అతను పలక ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"అడుగు తాతా!" రిషిత భుజం పట్టి ఊపింది.

"జీతం దీస్కున్న గద బిడ్డా. ఇగ అడుగొద్దు. చెప్పాలె."

చెప్పనూ లేదు. రిషిత బలపం కింద పడేసింది.

'పైస ముడితే ఎవలైన గింతే. పని మీద మనసుండదు' అనుకున్నాడు కాశీనాథం. అయినా సాయంత్రం ఇంకో నోటిచ్చాడు.

మూడోనాడు మెట్టు ఖాళీ.

మెట్టు మీద ఒక పలక. దాని కింద మడత విప్పని రెండు నోట్లు. పలక మీద చీమలు పాకినట్టు వంకర అక్షరాలు.

బుచ్చిరా

"ఏందే గిది? నువ్వే రాసినవా?"

"నేను గాదు. తాత రాసిండు, తాత పేరు." రిషిత ఖాళీ మెట్టు వైపు చూస్తూ పెదవి విరిచింది. "ఇంక రెండక్షరాలే నేర్పేదుండె నేను."