ఎండలో పెట్టిన సిలిండరు

వియ్యపురాలు వరహాలమ్మ వస్తోందని తెలియగానే మంగతాయారు గాలి సిలిండరును డాబా మీదికి ఈడ్చుకెళ్ళి ఎండలో నిలబెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకన్నా ముందు గాలిమాస్కు అందించే రోజులవి. మీటరు ముల్లు ఎర్రగీతకి దిగువన కనబడితే పరువేం కావాలి? మధ్యాహ్నానికల్లా లోపలి గాలి వేడెక్కి, ముల్లు పచ్చరంగులోకి ఎక్కింది.

వరహాలమ్మ మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే సిలిండరును హాల్లో ఏసీ కిందికి చేర్చింది. ఆమె కూర్చోగానే మాస్కు చేతికిచ్చింది.

"తీసుకోండి వదినగారూ, మొహమాటపడకండి."

కోడలి గురించి కబుర్లు మొదలయ్యాయి. మాస్కు ఇంకా ఎవరూ ముక్కుకి పెట్టుకోనే లేదు. సిలిండరు చల్లారేకొద్దీ ముల్లు మాత్రం తనంతట తానే దిగుతోంది. పచ్చరంగు దాటి, ఎర్రగీత కిందికి జారింది. వరహాలమ్మ చూపు కూడా దాని వెంటే కిందికి దిగింది. మంగతాయారు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర చెంగు సర్దుకుంది.

వరహాలమ్మ మాస్కును మెల్లగా బల్లమీద పెట్టేసింది.

"ఇప్పుడొద్దు వదినగారూ. ఇంటిదగ్గర సుబ్బరంగా పీల్చే బయల్దేరేను."

మూడంతస్తులు ఎక్కొచ్చిన మనిషి. ఆ రెండు ముక్కలూ పూర్తిచేసేలోపే రెండుసార్లు ఆగి ఆయాసపడింది.