గుమ్మం పక్కన సుద్దగీత

"ఇల్లు చూడాలండీ," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ మనిషి. చంకలో పొడుగాటి పుస్తకం, చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు.

గుణదలలో బసవపున్నయ్య గారి కింది పోర్షన్ ఖాళీ అయి నాలుగు నెలలైంది. టులెట్ బోర్డు పెట్టి టూ లేట్ అయినా ఆయన ఎవరికీ ఇవ్వడు. బ్యాచిలర్లయితే అల్లరి. పిల్లలుంటే గోడల మీద బొమ్మలు. ప్లీడరైతే ఖాళీ చెయ్యడు. మొన్న ఫోన్ చేసిన కృప అనే ఆవిడ మెట్లెక్కలేనంటే, "అయితే కుదర్దమ్మా" అని పెట్టేశాడు. ఆయన బుర్రలో మాత్రం అనుమానాలు అడ్వాన్సు లేకుండా కాపురముంటాయి.

అద్దెకొచ్చేవాడు నీళ్లొస్తాయా అని అడుగుతాడు. ఇతను టేపు విప్పాడు.

"మీ పేరు?"

"బాలశౌరండి. మెట్లు ఐదా?"

ఆ ఐదులో మూడు డ్రైనేజీ కాలువ మీద ఉన్నాయి. బసవపున్నయ్య గుండె జారి అందులోనే పడింది.

బాలశౌరి గుమ్మానికి టేపు పెట్టాడు. బాత్రూమ్ తలుపుకీ పెట్టాడు. "బిగుతుగా ఉందండీ. నాలుగంగుళాలు వదులు చెయ్యాలి," అన్నాడు. స్విచ్‌బోర్డు చూసి పెదవి విరిచాడు. "చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి అందదిది."

అతను కొలతలు రాసుకుంటుంటే ఈయనకి కలతలు మొదలయ్యాయి.

"అసలు నేనొచ్చిన పనేంటంటేనండీ..."

"తెలుసండీ, తెలుసు! ముందు కాఫీ తాగండి."

వెళ్తూ వెళ్తూ బాలశౌరి జేబులోంచి సుద్దముక్క తీశాడు. గుమ్మం పక్కన గోడ మీద గీత గీశాడు. "ఇక్కడిదాకా రావాలండీ," అని వెళ్లిపోయాడు.

బసవపున్నయ్య కూలబడ్డాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అన్నగారింటి మీద ఇలాంటి గీతే గీశారు. వారం తిరక్కుండా గీతా లేదు, గోడా లేదు.

"కార్పొరేషన్ మనిషే, మాణిక్యం! ఎవరో కంప్లయింట్ పెట్టారు. ఇదంతా కుట్ర!"

"మీరెవరని అడక్కపోయారా?" అంది భార్య.

"ఆఫీసర్ని పట్టుకుని నువ్వెవరంటామా? ఇంకో రెండు గీతలు గీస్తాడు!"

"అయితే గీసినకాడికి కొట్టించండి. దివ్యాంగులకి వీలుగా ఉండాలని రూలేగా! మీ మెట్లు చూస్తే మామూలు అంగులకే మోకాళ్లు పోతున్నాయి."

తాపీమేస్త్రి ఇశ్రాయేలు దిగాడు. కాలువ మీది మెట్లు పోయి, కాంపౌండు లోపలే ర్యాంపు వచ్చింది. దాని ఖర్చు మాత్రం రంపంలా కోసింది. తలుపులు వెడల్పయ్యాయి, బసవపున్నయ్య సన్నబడ్డాడు. స్విచ్‌లు కిందికి దిగాయి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కూడా పెట్టించాడు, ఎందుకైనా మంచిదని.

పదోరోజున బాలశౌరి మళ్లీ వచ్చాడు. ర్యాంపు మీద రెండుసార్లు ఎక్కి దిగాడు. కడ్డీ లాగి చూశాడు. గుమ్మానికి మళ్లీ టేపు పెట్టి, పుస్తకంలోని కొలతతో సరిచూసుకున్నాడు.

ఇంకేం వంక పెడతాడో అని బసవపున్నయ్య చేతులు కట్టుకున్నాడు.

"అంతా మీ గీత ప్రకారమేనండీ. ఇక మీరు రిపోర్టులో కాస్త..."

"రిపోర్టేంటండీ, నేను మంగళగిరిలో బట్టలు కుట్టేవాణ్ణి, ఆవేళ ఫోన్లో మీరు కుదర్దన్న కృప మా ఆవిడే, ఆటోలో కూర్చునుంది, ఇక తీసుకురమ్మంటారా?"