నీలం గ్లోవు

చెత్తడబ్బాలో ఒక సీసా తగ్గింది.

పొద్దుటి నుంచి ప్రయాణికుల సంచుల్లోంచి తీయించి పారేయించినవి తొమ్మిది. డబ్బాలో ఉన్నవి ఎనిమిది.

విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే అతనికి తోటివాళ్లు పెట్టిన పేరు వందమిల్లీ. విమానంలోకి అనుమతి లేని, వంద మిల్లీలీటర్లు దాటిన సీసా కనబడితే కన్నతల్లినైనా వదలడని వాళ్ల వేళాకోళం. నిజంగానే వదల్లేదు. నాలుగు నెలల కిందట తమ్ముడి ఊరికి బయల్దేరిన తల్లి దగ్గర మోకాళ్ల నూనె లాక్కుని, తన చేత్తోనే డబ్బాలో పడేశాడు.

ఇప్పుడతని అనుమానం నేల తుడిచే ఆవిడ మీద పడింది.

ఆమెకు పని తక్కువ, గుసగుసలెక్కువ. సీసా పోయి మొహం వేలాడేసినవాళ్ల పక్కకు చేరుతుంది. ఏదో అడుగుతుంది. చిన్న కాగితం మీద రాసుకుంటుంది.

‘బేరాలాడుతోందన్నమాట’ అనుకున్నాడు వందమిల్లీ.

మూడు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టి చూశాడు. నాలుగో రోజు ఆమె డ్యూటీ దిగుతుంటే ఆపాడు.

“సంచీ తెరువు.”

లోపల తేనె సీసా ఉంది. మూత మీద, ఆమె పనిలో వాడే నీలం గ్లోవు తొడిగి, దారం మూడు చుట్లు చుట్టి ముడేసి ఉంది. తలకిందులు చేసినా చుక్క కారలేదు. దొంగసొత్తుకు ఎంత భద్రమో అని అతనికి ఒళ్లు మండింది.

“ఎన్నాళ్లుగా సాగుతోంది?”

“ఏడాది పైనే సార్.”

“ఎవరికి అమ్ముతున్నావు?”

“అమ్మను సార్. ఇది ఆ పెద్దాయనకి...”

“కథలు నా దగ్గర కాదు.”

ఆ మధ్యాహ్నమే పైవాళ్లు ఆమె గేటు కార్డు లాక్కుని పనిలోంచి తీసేశారు.

“ఆ సీసా ఒక్కటీ ఇప్పించండి సార్” అంది వెళ్తూ.

అతను దాన్ని డబ్బాలో పడేశాడు. ఈసారి లెక్క సరిపోయింది.

ఇంటికి వచ్చేసరికి తల్లి కుర్చీలోంచి లేవలేక అవస్థ పడుతోంది.

“అలమరలో మందుల డబ్బా వెనక నూనె ఉంది, కాస్త అందుకోరా.”

ఇన్నాళ్లూ ఆవిడ మోకాళ్లకు ఏం రాసుకుంటోందో అతనికి పట్టలేదు. చెయ్యి పెట్టి సీసా తీశాడు.

మూత మీద నీలం గ్లోవు. దారం మూడు చుట్లు.

“ఇదెక్కడిదమ్మా?”

“నువ్వు పారేసిందే. వారం తిరక్కుండా పోస్టులో వచ్చింది.”

“ఎవరు పంపారు?”



“మీ దగ్గర నేల తుడిచే పిల్ల. ఆ రోజు నా అడ్రసు రాసుకుంది. నీకు తెలిస్తే దాని ఉద్యోగం పీకిస్తావని చెప్పలేదురా.”