నల్ల కోటు, ప్రయారిటీ ఒకటి

అలమారలో మొత్తం నలభై ఆరు బట్టలు.

టేబులక్క అన్నిటినీ మంచం మీద కుప్ప పోసి, ఒక్కోదాన్నీ ఫోన్లో టేబుల్లోకి ఎక్కించింది. రంగు, సైజు, చివరిసారి ఎప్పుడు వేసుకుంది, ఉంచాలా, తీసేయాలా.

ఆ పేరు చెల్లి పెట్టింది. స్నానానికి ఎవరు ముందెళ్లాలన్నా టేబుల్ వేస్తుందని.

"ఇన్ని ఉండి కూడా సోమవారం ఇంటర్వ్యూకి ఏమీ లేదంటావేంటక్కా?"

"అదే కదా పాయింటు. ఆకుపచ్చ టీ షర్టులు తొమ్మిది. నల్ల కోటు సున్నా."

కొనాల్సినవి ఐదు తేలాయి. ఒకటో నంబరు, నల్ల కోటు. రెండు, బూట్లు. మిగతా మూడూ ఉద్యోగం వస్తేనే.

"సున్నా ఏంటి? అమ్మ కోటుందిగా?"

టేబులక్క కుప్పలోంచి ఆ కోటు లాగింది.

అమ్మ గుర్తుగా ఇంట్లో మిగిలింది ఆ కోటొక్కటే. టేబులక్క ఏటా ఒకసారి తొడుక్కుని చూడబోయేది. ఏటా భుజాల దగ్గర పట్టేసేది. మెత్తగా, మర్యాదగా, 'నువ్వు కాదమ్మా' అని ఎవరో వెనక్కి పంపేసినట్టు.

"వేసుకోనిది వెళ్లిపోవాలి. రూలంటే రూలే," అంది కోటుని సంచి అడుగున కుక్కుతూ.

పొద్దున్నే వీధంతా మంచు. దీపస్తంభాలు నీళ్లలో నిలబడ్డట్టున్నాయి. భుజాన సంచితో టేబులక్క కలలో నడిచినట్టే నడిచింది. ఆ కలలో అప్పటికే కొత్త కోటుంది.

పాత బట్టలు వేసే ఇనప డబ్బా ఆల్టరేషన్ షాపు పక్కనే ఉంది.

"అమ్మాయ్, ఆ డబ్బా నిండిపోయింది. సంచి ఇలా పట్రా."

షాపులో మిషను ముందు కూర్చున్న పెద్దావిడ పిలిచింది.

సంచి ఇవ్వడమే ఆలస్యం, ముడి విప్పి ఒక్కోటీ తీసి చూడ్డం మొదలెట్టింది.

'ఓహో, మంచివి తనకి ఏరుకుంటుందన్నమాట,' అనుకుంది టేబులక్క.

అడుగున కోటు తగిలింది. పెద్దావిడ చేతులు ఆగిపోయాయి.

"ఎవరిదిది?"

"మా అమ్మది."

"తనేదీ?"

"లేదు. నా నాలుగో ఏటే పోయింది."

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎంత మురికున్నా అంతసేపు తుడవక్కర్లేదు.

"మరెందుకు వదిలేస్తున్నావ్?"

"నాకు పట్టదు పెద్దమ్మా. కొత్తది కొనాలి. లిస్టులో అదే మొదటిది."

"ఏం కొనాలి?"

"నల్ల కోటు."

"ఇదేం రంగు?"

"నలుపే. కానీ..."

"ఆ కానీకి నీ లిస్టులో గడి లేదా?"

టేబులక్కకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఈవిడ బేరం దొరికితే వదిలే రకం కాదనుకుంది.

"సరిచేసి ఉంచుతా, శనివారం రా. నచ్చకపోతే అప్పుడే డబ్బాలో పడేద్దువుగాని."

శనివారం వెళ్లేసరికి పెద్దావిడ చివరి ముడి వేసి, నీలం దారం పంటితో తెంపుతోంది.

టేబులక్క కోటు తొడుక్కుంది.

ఎక్కడా పట్టేయలేదు. నిద్రపోతున్న పాపని ఎవరో భుజాన వేసినట్టు, బరువుగా, వెచ్చగా ఒదిగిపోయింది. అద్దంలో ఉన్నదెవరో ఒక్క క్షణం అర్థం కాలేదు.

"కొలతలు తీసుకోలేదు కదా, ఎలా కుదిరింది?"

"చూశాగా నిన్ను. లోపల బోలెడు గుడ్డ ఉంది, కుట్లు విప్పి వదిలా."

"అంత గుడ్డ లోపల ఎవరు మడిచి పెట్టారబ్బా?"

"ఎవరో పని తెలిసినావిడే లే," అని నవ్వింది. "కూర్చో. టీ పెడతా. నీకో మాట చెప్పాలి."

టేబులక్క ఫోన్ చూసుకుంది.

"బూట్లు కొనాలి పెద్దమ్మా, రెండో నంబరు. షాపు కట్టేస్తారు. సోమవారం తీరిగ్గా వస్తా. ఇంతకీ ఎంతివ్వాలి?"

"సోమవారమా..." పెద్దావిడ ఏదో అనబోయి మింగేసింది. "ఏమీ వద్దు. అటు వీధి చివరిదాకా ఓసారి నడు, చూస్తా."

టేబులక్క నడిచింది. వెనక్కి తిరిగి చూడకుండా అలాగే వెళ్లిపోయింది.

సోమవారం ఇంటర్వ్యూ గది ఉక్కగా ఉంది. కోటు విప్పి ఒళ్లో వేసుకుంది.

భుజం లోపలి వైపు, నీలం దారంతో చిన్న ఇంటూ గుర్తు. బాగా వెలిసిపోయింది.

పక్కనే ఇంకోటి. కొత్తది.

రెండూ ఎడమకి ఒక్క రవ్వ వాలి ఉన్నాయి. ఒకే చేతివి.

ఉద్యోగం ఇస్తున్నామని వాళ్లు చెప్పిన మాట ఆమెకి సగమే వినపడింది.

పరుగున వెళ్లేసరికి షాపు షట్టరు దించి ఉంది. సందులోంచి చూస్తే లోపల మిషను లేదు, దాని నాలుగు కాళ్ల ముద్రలే ఉన్నాయి.

"ఖాళీ చేసేసిందమ్మా," అన్నాడు పక్కన చెప్పులు కుట్టే తాత. "శనివారం సాయంత్రమే. మూడేళ్లుగా కూతురు రమ్మని పోరుతుంటే ఇప్పుడు కదిలింది. ఏ ఊరో నాకూ చెప్పలేదు."

టేబులక్క డబ్బా మూత ఎత్తింది. అడుగున రెండే రెండు సంచులు.

"ఇది నిండిపోయిందని చెప్పింది తాతా నాతో..."

"అందరికీ అదే చెప్పేదమ్మా. అదెప్పుడు నిండింది గనక! ఎప్పుడో ఓ తల్లి చంకలో పాపనేసుకొచ్చి, 'పెద్దయ్యాక దీనికీ పట్టాలి, అప్పుడు నువ్వే విప్పివ్వాలి' అని కోటు కుట్టించుకుందట. ఆ కోటు ఎప్పటికైనా ఇటే వస్తుందని, ఇన్నేళ్లూ ఎవరు తెచ్చిన సంచైనా డబ్బాలో పడనీకుండా ముందు తనే విప్పి చూసేది."