వాగు అవతలి మనిషి

పంతొమ్మిది వందల అరవై మూడు, చలికాలం.

మశూచి టీకాలు వేసే దేవిదాస్ ఇందల్వాయి అడవిలోని నాయకపోడుల గూడెం చేరేసరికి, జనం గుడిసెల ముందు వరుసగా కూర్చొని ఉన్నారు.

అతడు నమ్మలేకపోయాడు. పోయినేడు తన ఖాకీ చొక్కా కనబడగానే గూడెమంతా అడవిలోకి పరుగెత్తింది. తల్లులు పసిపిల్లలను గంపల కింద దాచారు.

సర్కారు మాట ఇన్నాళ్లకు తలకెక్కిందనుకుని పెట్టె తెరిచాడు.

భీమవ్వ అనే పెద్దావిడ ఒక్కొక్కరినీ ముందుకు పంపుతోంది.

ఎండిన వాగు అవతలి ఒడ్డున ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి. ఇటే చూస్తున్నాడు.

"ఆయనెవరు?"

"పోశయ్య."

దేవిదాస్ గొంతు పెంచాడు. "తాతా, ఇటు రా. చెయ్యి సాపు."

"నాకొద్దు సారూ. పోరగాండ్లకు వెయ్యి."

"భయమైతుందా?"

ముసలాయన గొంగడి దగ్గరికి లాక్కుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీ అసుంటోళ్లతోనే గూడేలు ఖరాబైతున్నయి. రేపు నీకు అమ్మ పోస్తే ఎవరు సూస్తరు?"

"నా ముచ్చట ఇడువు సారూ. కడాకరి గుడిసెల బాలింత ఉన్నది. మరువకు."

భీమవ్వ ఏదో చెప్పబోయింది. "సారూ, ఆయన..."

"నువ్వు వరుస సూడు అవ్వా" అని దేవిదాస్ కసిరాడు.

పొద్దు వాలకముందే అరవై నాలుగు మందికి టీకాలు పడ్డాయి. బాలింతకు కూడా.

పెట్టెలో ఇంకా మందు మిగిలి ఉంది. వాగు వెడల్పు ముప్పై అడుగులకు మించదు. దేవిదాస్ దాటలేదు. కాగితం మీద 'ఒప్పుకోనివారు: ఒకరు' అని రాసి సైకిలెక్కాడు.

వారానికి మళ్లీ రావలసినవాడు, బోధన్ చెరుకు కోతల గుడిసెల్లో పని పడి, నెలకు గానీ రాలేదు.

వచ్చి అరవై నాలుగు చేతులూ చూశాడు. అన్నిటికీ టీకా పట్టింది. పక్క గూడెంలో మశూచితో పదకొండు మంది పోయారని దారిలో విన్నాడు. ఇక్కడ ఒక్క పిల్లకూ జ్వరం రాలేదు.

"ఆ ముసలాయన ఏడి?" అని భీమవ్వను అడిగాడు.

"పోయిండు సారూ. అమ్మ పోసింది."

"జెప్పిన గద. చెయ్యి సాపుమంటే సాపకపాయె."

"సాపేటోడే. మా దగ్గరికి రావద్దనుకున్నడు. పక్క గూడెంల అమ్మ పోసినోళ్లకు నీళ్లు తాపిండు, పీనుగులను మోసిండు. తన మీదికెల్లి పిల్లలకు అంటుకుంటదని వాగు దాటలే. పాణం పోయేదాంక ఆ ఒడ్డుమీదనే ఉన్నడు."

దేవిదాస్ పెట్టె మూత వేశాడు.

"నాకొక్క మాట జెప్పకపోతివి అవ్వా."

"జెప్పనిస్తివా?"

అతడు వాగు వైపు చూడలేక తల వంచుకున్నాడు.

"మీకేమైతడు ఆయన?"

భీమవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా పోచమ్మ పూజారి సారూ; నువ్వొస్తవని పట్వారి జెప్పిన కాంచి ఆ ఒడ్డుమీదనే నిలబడి, 'సూది గూడ అమ్మనే పంపింది, పారిపోకుండ్రి' అనుకుంట ఒక్కొక్కళ్లను పేరు పెట్టి పిలిసి మమ్ముల కూసోబెట్టింది ఆయననే."