నెయ్యి వద్దన్న మనిషి

"నెయ్యి వద్దండి," అంటూ లోవరాజు విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు.

నెయ్యి గిన్నె పట్టుకున్న సీతారత్నం చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎదుటి విస్తరి దగ్గర ఆమె భర్త సత్తిరాజు మొహం మాడింది.

అంబాజీపేటలో కురిడీ కొబ్బరి, అంటే ఎండుకొబ్బరి, వ్యాపారం చేసే సత్తిరాజు ఇంట్లో భోజనానికి కూర్చుని నెయ్యి వద్దన్నవాడు ఈ పంతొమ్మిదివందల యాభై ఏడో సంవత్సరం దాకా పుట్టలేదు.

"మా ఇంటి నెయ్యి కంపు కొడుతోందా అండి?"

"అబ్బే, నాకు పడదండి."

"అన్నం తినేటప్పుడైనా ఆ నల్లకళ్ళద్దాలు తియ్యరా?"

"అలవాటైపోయిందండి."

సత్తిరాజుకు ఒళ్ళు మండింది. అసలు ఈ మనిషి గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచీ మండుతూనే ఉంది. తునివాడట. విశాఖపట్నంలో ఆసుపత్రిలో రక్తం పరీక్షించే చోట పనిట. సెలవు పెట్టుకుని, రైలెక్కి, గోదావరి దాటి, గాజు సిరంజి పట్టుకుని, ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా తిన్నగా ఈ ఇంటికే వచ్చాడు. కాస్త రక్తం ఇప్పించమన్నాడు. బియ్యం అడిగేవాళ్ళుంటారు, బెల్లం అడిగేవాళ్ళుంటారు గానీ రక్తం అడిగేవాళ్ళుంటారా? పోనీ పరాయి ఊరివాడు కదా అని అన్నం పెడితే ఇదీ వరస.

"మీ కంటిరెప్పల మీద ఆ పసుపు గడ్డలు ఎప్పట్నుంచండి?" లోవరాజు అడిగాడు.

"లక్ష్మీకళ అంటారండి వీటిని. మా నాన్నగారికీ ఉండేవి." సత్తిరాజు గోడమీద దండ వేసిన ఫొటో కేసి గడ్డం ఎత్తాడు. "యర్రంశెట్టి వీరవెంకటసత్యనారాయణ అంటే ఇక్కణ్ణుంచి మీ తుని దాకా తెలీనోడు లేడు. కొబ్బరి వేసుకుని వెళ్ళేరంటే నెలల తరబడి మీ వైపే ఉండిపోయేవారు."

లోవరాజు ఆ ఫొటో కేసి చాలాసేపు చూశాడు.

"ఎన్నో ఏట పోయారండి?"

"నలభై మూడో ఏట. కొబ్బరి రాశి పక్కన కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయేరు. పుణ్యాత్ములకి వచ్చే చావండి అది."

"పుణ్యం కాదండి. కొవ్వు."

సీతారత్నం గిన్నె కింద పెట్టేసింది.

"కొలెస్టరాల్ అంటారండి. అందరి రక్తంలోనూ ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే రెండింతలు, మూడింతలు ఉంటుంది. తండ్రికి ఉంటే బిడ్డలకీ రావచ్చు. పంటకాలవలో పూడికలాగ గుండెకెళ్ళే నాళాల్లో చేరిపోతుంది. చాలామందికి పైకేం తెలీదు. రక్తం చూస్తేనే తెలుస్తుంది."

"ఏటా కాలవకి నీళ్ళు కట్టేసినప్పుడు పూడిక తీయించుకుంటాం లెండి మేము."

"ఈ కాలవ ఒకసారి కట్టేస్తే మళ్ళీ వదలరండి."

"ఎంతుందో తెలిస్తే మట్టుకు ఏం చేస్తారండి?" సీతారత్నం నెమ్మదిగా అడిగింది.

"నెయ్యి, మాంసం, కొబ్బరి తగ్గించుకోవచ్చమ్మా. చుట్ట మానెయ్యొచ్చు. పూర్తిగా నయమవుతుందని అబద్ధం చెప్పను. కొన్నేళ్ళు కలిసిరావచ్చు."

"అంబాజీపేటలో కూర్చుని కొబ్బరి మానెయ్యాలా?" సత్తిరాజు విస్తరి ముందునుంచి లేచిపోయాడు. "నా రక్తం నాది. చుక్క కూడా ఇవ్వను. మా నాన్నగారు తిన్నారు, నేనూ తింటాను. ఆయనలాగే పోతాను. ఇంక దయచెయ్యండి."

లోవరాజు లేవలేదు. మెతుకు మిగల్చకుండా నిదానంగా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు.

"మళ్ళీ వస్తానండి."

"వస్తే వీధిగుమ్మంలోనే ఆపేస్తాను."

"ఆపండి. నేను రావడం మానను."

అన్నట్టే వచ్చాడు. కార్తీకమాసంలో ఒకసారి వస్తే సత్తిరాజు తలుపు తియ్యలేదు. మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయాడు. ఊళ్ళోవాళ్ళు రక్తాలరాజు అని పేరు పెట్టారు. మాఘమాసంలో మళ్ళీ వచ్చాడు. ఈసారి సీతారత్నం ఉండబట్టలేక కిటికీలోంచి అడిగేసింది.

"మా ఆయన మొండాయనండి. మీకెందుకండి ఇంత తాపత్రయం?"

"నేనూ మొండివాణ్ణేనమ్మా. మా వంశంలోనే ఉంది."

తర్వాత మరి రాలేదు. గెలిచానని సత్తిరాజు మీసం తిప్పాడు.

"చూశావా, తోక ముడిచేడు," అన్నాడు పెళ్ళాంతో.

వైశాఖంలో ఓ రోజు సరిగ్గా భోజనాల వేళకి విశాఖపట్నం నుంచి కవరొచ్చింది. సత్తిరాజు విస్తరి ముందు కూర్చునే చింపాడు. ఉత్తరం రాసింది ఆసుపత్రి డాక్టరు.

"మా దగ్గర పనిచేసే లోవరాజు కిందటి నెల బల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నలభై రెండేళ్ళు. తన జబ్బు సంగతి తనకు తెలుసు. రెప్పల మీద పసుపు గడ్డలు కనబడకుండా నల్లకళ్ళద్దాలు పెట్టుకునేవాడు. తాను పోతే తన రక్తపరీక్ష చీటీ మీకు పంపమని కోరాడు. మీరు వస్తే మీ రక్తం కూడా పరీక్షిస్తాం."

కవరులో చీటీ ఉంది. సత్తిరాజు చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తి గోడమీద ఫొటో కేసి చూశాడు.

సీతారత్నం అలవాటు ప్రకారం నెయ్యి గిన్నె వంచింది.

సత్తిరాజు విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. నెయ్యి వేళ్ళ మీద పడింది.

"అదేంటండి?"

"రేపు విశాఖపట్నం వెళ్ళాలి. నా బట్టలు సర్దు," అన్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. "వాకిట్లోకి వచ్చినవాణ్ణి తరిమేశానే."

ఆమె చీటీ అందుకుని కూడబలుక్కుంటూ చదివింది.

పేరు లోవరాజు. ఊరు తుని. కొలెస్టరాల్ అయిదువందల పదహారు, ఉండవలసింది రెండువందల యాభై లోపు.

అడుగున లోవరాజు స్వయంగా రాసుకున్న వరస ఒకటుంది: తండ్రి, యర్రంశెట్టి వీరవెంకటసత్యనారాయణగారు, అంబాజీపేట.